జాప్యము

మా ప్రాంతపు పల్లెలలో దూరమును కొలుచుటకు ఎవరికిని కొలబద్ద అవసరము లేకుండెను. ఊరి చివరి పెంకుటింటికిని మా వాడలోని మొదటి పూరింటికిని నడుమ ఎంత బయలు విడువవలెనో, చెరువులో ఏ రేవున ఎవరు దిగవలెనో, కాఫీ హోటలు చూరుక్రింద వేరుగా బోర్లించిన గాజుగ్లాసు ఎవరి కొరకో, నడక నేర్చు వయసుననే బిడ్డలు నేర్చుకొనెడివారు. ఆ దూరము కంటికి కనబడెడిది. కనబడునది కావుననే దానిని గూర్చి మాటలాడుటకు, కొట్లాడుటకు, కోర్టు కెక్కుటకు, పద్యము వ్రాయుటకు గూడ వీలుండెడిది. అస్పృశ్యతను శిక్షార్హమైన నేరముగా చేసిన 1955వ సంవత్సరపు చట్టము బావిని, గుడిని, హోటలును, దుకాణమును పేరుపేరున చెప్పగలిగినదనిన, ఆ నేరము స్థలమునందు పాదుకొని యుండుట వలననే గదా!

విశ్వవిద్యాలయములో బావి లేదు, రేవు లేదు. కుళాయి అందరికి నొక్కటే. క్యాంటీనులో కప్పులన్నియు నొక్క తొట్టిలోనే కడుగుదురు. గ్రంథాలయములో ఏ బల్లకడ నెవరైనను కూర్చుండవచ్చును. అట్టిచోట వివక్ష యున్నదని చెప్పువానిని జూచి మంచివారు సైతము నొసలు ముడిచి, “ఏదీ, ఎక్కడ? చూపించండి” అనుట సహజము. ఆ ప్రశ్నలో వంచన యెల్లప్పుడు నుండదు. వారు స్థలములో వెదకుచున్నారు. అది అచ్చట లేదు. విద్యార్థిగాను పిదప అధ్యాపకుడుగాను నా జీవితములో అధికభాగమును విశ్వవిద్యాలయముల ప్రహరీ లోపలనే గడపినవాడను కావున నాకొక యూహ క్రమక్రమముగా బలపడినది: ఆ పాత దూరము నశింపలేదు, స్థలమును విడిచి కాలము నాశ్రయించినది. పల్లెలో అడుగులతో కొలిచినదానిని ఇచ్చట నెలలతో కొలుచుచున్నారు.

జాప్యమున కొక గొప్ప సౌకర్యము కలదు: దానికి కర్త యుండడు. కొట్టినవాడు దొరకును, తిట్టినవాడు దొరకును, కాదన్నవాడును దొరకును. ఇంకను ఔనననివాడు మాత్రము ఎన్నటికిని దొరకడు. “సార్ మీటింగులో ఉన్నారు”, “ఫైలు పైకి వెళ్ళింది”, “బడ్జెట్టు రిలీజ్ కాలేదు”, “సోమవారం కనపడు” — ఈ వాక్యములలో దేనియందును కులము పేరు లేదు, కోపము లేదు, అమర్యాదయు లేదు. తీరికగా నవ్వుచు చెప్పిన మాటలే యెక్కువ. ఐనను ఆ సోమవారములను వరుసగా పేర్చి చూచినచో ఒక సెమిస్టరగును, రెండగును, ఒక యువకుని యౌవనములో తిరిగిరాని తునక యగును. 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టము ఎంత కఠినమైనదైనను, సోమవారముమీద కేసు పెట్టుట యెట్లో అందు వ్రాయబడలేదు.

దీనికి వెంటనే వచ్చు ఆక్షేపణ నాకు తెలియును. మన కార్యాలయములలో ఆలస్యము సర్వజనసామాన్యము, అందు కులమెక్కడిది, శాస్త్రిగారి పెన్షనును అట్లే ఆగును, రెడ్డిగారి పాసుబుక్కును అట్లే ఆగును అందురు. నిజమే. కాని రెండు సంగతులు ఆలోచింపదగినవి. మొదటిది తేలిక: నాలుగెకరములున్న యింటి బిడ్డకు ఆరు నెలలు డబ్బు రాకపోవుట విసుగు, కూలికి పోవు తల్లి బిడ్డకు అది పస్తు. రెండవది అంత తేలికగా కనబడదు. ఆగిన ఫైలు ఎట్లు కదలునో కార్యాలయపు బల్లల నడుమ కొన్ని దినములు కూర్చుండి చూచినవానికి తెలియును. ఎవరో ఒకరు ఫోను చేయుదురు. “మనవాడేనండీ, కొంచెం చూడండి” అందురు. ఆ మనవాడు అను మాట వెనుక చుట్టరికముండవచ్చును, ఊరుండవచ్చును, ఏదో పెండ్లి విందులో ప్రక్కప్రక్కన కూర్చుండిన పరిచయముండవచ్చును; మూడు నెలలుగా కదలని కాగితము మధ్యాహ్నమునకు సంతకమగును. కులము ఆపుటలో కంటె కదల్చుటలో ఎక్కువగా పనిచేయును. ఆపిన గుమాస్తా మనస్సులో ద్వేషమేమియు లేకపోవచ్చును. వంశములో మొట్టమొదట విశ్వవిద్యాలయపు మెట్లెక్కిన పిల్లవానికి, ఫోను చేయదగిన మేనమామ యొక్కడైన లేకపోవుటయే చాలును.

ఈ నిరీక్షణములలో అన్నిటికంటె పాతది స్కాలర్‌షిప్పు కొరకు చేయునది. అంబేద్కరుగారు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యులుగా నున్న కాలమున, 1944లో, షెడ్యూల్డు కులములవారికి మెట్రిక్ దాటిన చదువులకు విద్యార్థివేతనమేర్పడినది. నా వంటివారు లక్షలమంది చదువుకొనినది దాని చలువ వలననే. దానిని తూలనాడుట నా యుద్దేశము కాదు. కాని అది వచ్చు తీరును చెప్పక తప్పదు. కేంద్రము వాటా యొకటి, రాష్ట్రము వాటా యొకటి. ఇది వచ్చినదాక అది రాదు, అది వచ్చినదాక ఇది కదలదు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గము ఆ వాటాలను 60, 40 పాళ్ళుగా నిర్ణయించి, ఐదేండ్లకు 59,048 కోట్ల రూపాయల పథకము నామోదించినది. అంకె ఘనమైనదే. అది ప్రయాణము చేసి చేసి తుదకు చేరవలసిన చోటు ఒక వసతిగృహపు మెస్సు బిల్లు.

ఆ బిల్లు సంగతి నాకు తెలియును. నేను చదివిన కళాశాల వసతిగృహములో బాకీ చెల్లింపనివారి పేర్లను నెల చివర భోజనశాల ద్వారమున కుడివైపు గోడకు అంటించెడివారు. సగము ఠావు కాగితము. పైన ఎఱ్ఱసిరాతో ‘డిఫాల్టర్లు’ అని. క్రింద గది నంబరు, పేరు, బాకీ. ఆ పట్టికలో కులమునకు గడి లేదు. అవసరమును లేదు, అందున్నవారమందరమును సాంఘిక సంక్షేమశాఖ చెక్కు కొరకు ఎదురుచూచువారమే. ద్వారముకడ సూపర్‌వైజరు పెన్సిలును చెవికి దోపుకొని నిలబడి, మా వంతు వచ్చినప్పుడు పట్టికవైపు ఒక్కసారి చూచి, పిదప మా ముఖము చూడక, “మీరు తర్వాత” అనెడివాడు. తర్వాత అనగా అందరు తినిన పిదప. అన్నము పెట్టలేదని మేమెవ్వరము చెప్పలేము, పెట్టెడివాడు. సాంబారు అడుగంటి చల్లారి యుండెడిది, అంతే. మా తాత మోతుబరి యింట పెండ్లికి పోయి, పందిటి బయట నేలమీద కూర్చుండి, పంక్తులన్నియు లేచి పిలుపు వచ్చువరకు వేచియుండిన సంగతి మా యింట నవ్వుచు చెప్పుకొను కథలలో నొకటి. ఆయన కూర్చుండిన చోటు బయట, నేను నిలుచుండిన చోటు లోపల. వేచిన కాలము మాత్రము ఇంచుమించు ఒక్కటే.

నేటి పిల్లల పని మరియొక తీరు. రెండు తెలుగు రాష్ట్రములలోను ఫీజు రీయింబర్సుమెంటు బాకీలు పేరుకొనుట వార్తాపత్రిక చదువువారందరికి తెలిసినదే. ప్రభుత్వము సకాలమున చెల్లింపదు. కళాశాల ప్రభుత్వము నేమియు అనజాలక విద్యార్థి సర్టిఫికెట్ల నట్టిపెట్టుకొనును. చదువు ముగిసి, ఉద్యోగపు పిలుపు చేతబట్టుకొనిన యువతి కిటికీకడ నిలబడి “టీసీ ఇవ్వండి సార్, పదిహేనో తారీకు జాయినవ్వాలి” అని వేడుకొనును. బాకీ ఆమెది కాదు. తాకట్టు మాత్రము ఆమెది.

వేచియుండుట మా చదువులకు క్రొత్త కాదు. సాతారా పాఠశాలలో బాలుడుగా నున్ననాటి అంబేద్కరుగారి దాహమును గూర్చి విననివా రరుదు. కాని దాని నందరును అంటును గూర్చిన కథగా చదువుదురు, నాకది కాలమును గూర్చిన కథగా తోచును. పాఠశాలలో కుళాయి కలదు. అందు నీరు కలదు. ఉపాధ్యాయుని యనుమతియు కలదు. లేనివాడు బంట్రోతు. అంటరాని బాలుడు కుళాయిని తాకరాదు కావున బంట్రోతు వచ్చి త్రిప్పవలెను. అతడు రాని దినమున నీరు లేదు. నీటిని ఎవరును నిషేధింపలేదని గమనింపుడు. తక్కిన బాలురు దాహమైనప్పుడు త్రాగుదురు, ఈ బాలుడు బంట్రోతు వచ్చినప్పుడు త్రాగును. భేదమంతియే.

పెరిగి పెద్దవాడైన పిదపను అదియే జరిగినది. బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడు ఒసగిన వేతనముతో 1913లో అమెరికా పోయి కొలంబియా విశ్వవిద్యాలయమున చదివి, 1916లో లండను చేరి, అచ్చటి చదువు నడుమనుండగనే వేతనపు గడువు తీరినందున 1917లో తిరిగి రావలసి వచ్చెను. ఒప్పందము చొప్పున బరోడాలో కొలువునకు పోగా తలదాచుకొన నిల్లు దొరకలేదు; పేరు మార్చుకొని దిగిన పారసీ సత్రమునుండి కఱ్ఱలు పట్టి వచ్చినవారు వెడలగొట్టిరి. పిదప బొంబాయిలో సిడెన్‌హాం కళాశాలలో ఆచార్యుడై, అచ్చటి కుండలోని నీటి విషయమున సహోద్యోగుల ఆక్షేపణను గూడ చవిచూచి, జీతములో మిగిల్చి, అప్పు తెచ్చి, 1920లో గాని మరల లండను చేరలేదు. 1923లో గాని అచ్చటి డి.ఎస్‌సి. పట్టము చేతికి రాలేదు. ఆ నడిమి యేండ్లలో ఆయనను చదువవలదని అన్నవారు లేరు. లండనులో తలుపు తెరచియే యుండెను. నాలుగేండ్లలోపల తిరిగివచ్చి పూర్తిచేయవచ్చునని అనుమతియు నుండెను. కాని తలుపునకును ఆయనకును నడుమ మూడేండ్లు పడెను. అసాధారణ మేధావి కావున ఆ మూడేండ్లను ఆయన గెలిచెను. అసాధారణుడు కాని మంచి విద్యార్థి గతి యేమి? ఓ మోస్తరు తెలివిగల అగ్రవర్ణ యువకుడు నిశ్చింతగా ఆచార్యుడై, నిశ్చింతగా పదవీవిరమణ చేయగల దేశమున, దళితుడు మాత్రము చదివినచో అంబేద్కరంతటివాడు కావలెననుట, సభలలో నేను విను పొగడ్తలన్నిటిలో మిక్కిలి క్రూరమైనదిగా నాకు తోచును.

పరిశోధన యను దశలో జాప్యము తన సంపూర్ణస్వరూపమును ధరించును. బి.ఏ., ఎం.ఏ.లకు కాలపట్టిక కలదు; పరీక్ష తేదీ వచ్చినచో అందరికి నొక్కమారే వచ్చును. పిహెచ్‌.డి.కి అట్టిది లేదు. గైడు సంతకము, శాఖాధిపతి సంతకము, కమిటీ సమావేశము, పరీక్షకుల నివేదిక, వైవా తేదీ, ఇవన్నియు ఒక్కొక్క మనుష్యుని తీరికమీద, ఇష్టముమీద ఆధారపడును. ఫెలోషిప్పు మాత్రము ఐదేండ్లదే: జూనియరుగా రెండు, సీనియరుగా మూడు. రెండేండ్లు నిండగనే కమిటీ కూర్చుండి పనిని మదింపు చేసి పై మెట్టునకు సిఫారసు చేయవలెను. పరిశోధకుడు పనిలో నున్నాడని విశ్వవిద్యాలయము నెలనెలా ధ్రువీకరింపవలెను. ఆ ధ్రువీకరణ ఒక నెల తప్పినచో ఆ నెల డబ్బు బ్యాంకులో పడదు. గైడు దొరకినను దొరకకున్నను గడియారము నడచుచునే యుండును. ఒక ఆచార్యునికడ ఎనిమిదిమందికి మించి పరిశోధకులుండరాదను నిబంధన యున్న మాట నిజము. “నా దగ్గర ఖాళీ లేదమ్మా” అన్న మరుసటి వారమే అదే ఆచార్యునికడ వేరొకరికి ఖాళీ యేర్పడుటయు నేను చూచినదే. “నీ టాపిక్ నా ఏరియా కాదు” అనువారును కలరు. ఏరియా అనునది వచ్చినవానిని బట్టి కుంచించుకొనుటకును వ్యాపించుటకును సమర్థమైన వింత భూభాగము. 2008లోను మరల 2013లోను హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఇరువురు దళిత పరిశోధకులు ప్రాణములు తీసికొనినప్పుడు, వారిలో నొకరిది భౌతికశాస్త్రము, వేరొకరిది రసాయనశాస్త్రము, ఇరువురి విషయమునను గైడు నియామకము సకాలమున జరుగకపోవుట ప్రధానముగా చర్చకు వచ్చినది.

ఈ సందర్భమున ఏకలవ్యుని కథను తెచ్చుట ఉపన్యాసకులకు అలవాటు. నాకా పోలిక అంతగా నచ్చదు. ద్రోణుడు మొదట నేర్పనని చెప్పెను, పిదప వ్రేలడిగెను. రెండును స్పష్టమైన మాటలే, రెండింటికిని సాక్షులు కలరు, కావుననే వేలయేండ్లుగా అతనిని నిలదీయగలుగుచున్నాము. “చూద్దాం, వచ్చే నెల కలుద్దాం” అన్న ద్రోణుని నిలదీయుట ఏ వ్యాసునికిని సాధ్యము కాదు.

2016 జనవరిలో అదే విశ్వవిద్యాలయమున స్థలమును కాలమును ఒక్కచోట చేరినవి. అంబేద్కర్ విద్యార్థి సంఘమునకు చెందిన ఐదుగురు దళిత పరిశోధకులను వసతిగృహములనుండి బహిష్కరించిరి. ఆ శిక్షాపత్రము నొకమారు శ్రద్ధగా చదువదగినది. తమ తమ శాఖలకు పోవచ్చును, గ్రంథాలయమునకు పోవచ్చును, విద్యాసదస్సులకు పోవచ్చును. వసతిగృహములలో, పరిపాలనా భవనములో, గుంపుగా బహిరంగస్థలములలో కనబడరాదు. పొలములో పనికి రావచ్చును గాని ఊరి నడివీథిలో నడువరాదను పాత కట్టుబాటును ఎరిగినవానికి ఆ పత్రమునకు వ్యాఖ్యానము అక్కరలేదు. విద్యార్థులకు ఎవరును వ్యాఖ్యానము చెప్పలేదు. వారే అంబేద్కరు పటమును చేతబట్టి, పరుపులు మోసికొని బయటికి వచ్చి, ఆవరణలోని అంగళ్ళకడ గుడారము వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టిరి. వారిలో గుంటూరువాడైన రోహిత్ వేముల ఆ నెల 17వ తేదీన మరణించెను. అతడు వ్రాసిపోయిన లేఖను దేశమంతయు చదివి కంటతడి పెట్టినది; ఆ లేఖలోనే తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్పు, లక్షా డెబ్బదియైదు వేల రూపాయలు, తన వారికి చేర్చుడను మనవియు కలదు. నక్షత్రములను గూర్చిన వాక్యములు అందరికి జ్ఞాపకమున్నవి. నాకు ఈ లెక్క జ్ఞాపకమున్నది. నెలకు ఇరువదియైదు వేల చొప్పున ఏడు నెలలు. ప్రతి నెలా ఏదో ఒక బల్లమీద ఏదో ఒక కాగితము.

ఆ పిదప జరిగినదియు అదే బాటలో నడచినది. అతని తల్లి రాధికగారును, 2019లో ముంబయిలో వైద్యవిద్యార్థినిగా నుండి మరణించిన ఆదివాసి యువతి పాయల్ తడ్వీ తల్లి ఆబేదాగారును, ఆ సంవత్సరముననే సుప్రీముకోర్టు గడప ఎక్కిరి. వారడిగినది విప్లవము కాదు; విశ్వవిద్యాలయములలో సమత్వము కొరకు యు.జి.సి. 2012లోనే ప్రకటించిన నిబంధనలను అమలు చేయుమనిరి. 2025 ఫిబ్రవరికి గాని క్రొత్త నిబంధనల ముసాయిదా వెలువడలేదు. 2024 మేలో రోహిత్ కేసును మూసివేయు పోలీసు నివేదిక బయటపడగా, అందు అతని మరణమునకు బాధ్యులెవ్వరును లేరని, అతడసలు షెడ్యూల్డు కులమువాడే కాడని ఉండెను. ఆక్షేపణలు రాగా మరల దర్యాప్తు చేయింతుమని పోలీసు శాఖ ప్రకటించెను. బ్రతికియున్ననాళ్ళు ఏ కులమువాడని అతనిని వెలివేసిరో, ఆ కులము అతనిది అవునా కాదా యను విచారణ ఎనిమిదేండ్లకును ముగియలేదు.

విశ్వవిద్యాలయములో అన్నియు ఆలస్యముగానే జరుగునని మాత్రము అనుకొనరాదు. మిక్కిలి వేగముగా జరుగు పని యొకటి కలదు. క్రొత్తగా చేరిన విద్యార్థి కులమును తెలిసికొనుటకు సహవిద్యార్థులకు ఒక సాయంకాలము చాలును. మన తెలుగువారిలో ఇంటిపేరు అడుగుదురు. అది తేలనిచో ఊరు, ఊరిలో ఏ వైపు, నాన్నగారేమి చేయుదురు. దేశపు నలుమూలల పిల్లలు చేరు సాంకేతిక విద్యాలయములలో ఇంటిపేర్లు అందరికి అర్థము కావు గావున అచ్చట “ర్యాంకెంత?” అని అడుగుదురు. ర్యాంకు చెప్పినచో ఏ కోటాయో తెలియును. 2023లో ఒక దళిత విద్యార్థి మరణము తరువాత ముంబయి ఐ.ఐ.టి.వారు, ప్రవేశపరీక్షలోని ర్యాంకును ఒకరినొకరు అడుగుట తగదని, అది కులమును రాబట్టు ప్రయత్నముగా కనబడునని, విద్యార్థులకు సూచనలు ప్రకటింపవలసి వచ్చెను. అంతకు చాలముందే, 2006లో ఢిల్లీలోని ఎయిమ్స్ విషయమున నియమితమైన సుఖదేవ్ థోరాట్ కమిటీ మరుసటి యేడు ఇచ్చిన నివేదికలో, దళిత, గిరిజన వైద్యవిద్యార్థులు వేధింపులకు తాళలేక గదులు మారి వసతిగృహపు పైయంతస్తులలో ఒకచోట చేరవలసివచ్చిన తీరును వర్ణించినది. వాడ నేలమీద ఊరిప్రక్కన ఉండవలెనను నియమమేమియు లేదు, మేడమీదను ఉండవచ్చును. జె.ఎన్.యు.లో అబ్దుల్ నాఫే కమిటీ 2016లో వ్రాతపరీక్ష మార్కులను మౌఖికపరీక్ష మార్కులను ప్రక్కప్రక్కన పెట్టి చూచి, వాటి నడుమ గల తేడా సామాజికవర్గమును బట్టి మారుచున్నదని కనుగొని, మౌఖికమునకు గల 30 మార్కులను 15కు తగ్గింపుమని సూచించెను. కాగితముమీద పేరు కనబడనిచోట వచ్చిన మార్కు, ముఖము కనబడినచోట రాలేదన్న మాట.

నా అనుభవములో ఈ వేగము మరింత మర్యాదగా నుండెడిది. నా వ్యాసమేదైన అచ్చయినప్పుడు సహోద్యోగులు గదికి వచ్చి, “ఎంత చక్కటి గ్రాంథికమండీ మాస్టారూ! ఎవరి దగ్గర నేర్చుకున్నారు?” అని మెచ్చుకొని, టీ సగము త్రాగి, “ఇంతకీ మీదే ఊరన్నారు?” అనెడివారు. మెప్పునకును ప్రశ్నకును నడుమ ఎప్పుడును అర నిమిషము కంటె పట్టలేదు. ఈ భాష నాకు సొత్తు కాదను భావమేదో ఆ ప్రశంసలో దాగియుండెడిది. జాషువాగారు 1941లో ‘గబ్బిలము’ ప్రకటించి, అస్పృశ్యుని గుడిసెలోనుండి కాశీనాథునికి ప్రౌఢమైన పద్యములలో సందేశమంపిన పిదప గూడ ఈ ఆశ్చర్యము తగ్గకపోవుట నాకాశ్చర్యము.

అధ్యాపకుల నియామకముల సంగతి గూడ ఒక మాట. రిజర్వుడు పోస్టు ప్రకటింతురు, అభ్యర్థులు వత్తురు, ఇంటర్వ్యూ జరుగును, ఫలితముకడ ‘నాట్ ఫౌండ్ సూటబుల్’ అని వ్రాయుదురు, పోస్టు బ్యాక్‌లాగులోనికి పోవును, రెండు మూడేండ్లకు మరల ప్రకటింతురు. అర్హుడు పోస్టు కొరకును, పోస్టు అర్హుని కొరకును, ఒకే నగరములో వేర్వేరు గదులలో ఎదురుచూచుచుందురు. ఆ గదిలో కుర్చీ ఖాళీగా నున్నంతకాలము, గైడు కొరకు తిరుగు పిల్లవానికి తట్టదగిన తలుపులలో ఒకటి తగ్గును. ఈ రెండు జాప్యములు వేరు కావు. ఒకటి రెండవదానిని కనును.

పదవీవిరమణకు కొంత ముందు నాకొక చిన్న యోచన తోచినది. గొప్ప సంస్కరణ కాదు. దానికి చట్టసవరణ అక్కరలేదు, నిధులు అక్కరలేదు. విద్యార్థి యిచ్చు ప్రతి కాగితముమీదను, అది స్కాలర్‌షిప్పు దరఖాస్తు కానిండు, గైడు కోరిక కానిండు, థీసిస్ అధ్యాయము కానిండు, తీసికొనినవారు తేదీ వేసి పొట్టి సంతకము చేసి ఒక ప్రతిని తిరిగి యీయవలెను; ఒక్కొక్క బల్లమీదను అది ఎన్ని దినములున్నదో రిజిస్టరులో వ్రాయవలెను; ముప్పది దినములు మించినచో ఎందుకో ఒక వాక్యము వ్రాయవలెను; సంవత్సరాంతమున ఏ వర్గపు విద్యార్థుల కాగితములు సగటున ఎన్నాళ్ళాగినవో లెక్క కట్టి అందరికి కనబడునట్లు పెట్టవలెను. తేదీ లేని నిరీక్షణ ఫిర్యాదు కాజాలదు. ఎవరిని శిక్షింపుమని నేనడుగలేదు. కాలమును కనబడునట్లు చేయుమని మాత్రమే అడిగితిని.

దానిని వ్రాసి మా అకడమిక్ కౌన్సిలులో పెట్టితిని. వ్యతిరేకించినవారు లేరు. ఒక పెద్దమనిషి మాత్రము నొచ్చుకొనినట్లు, “అంత నమ్మకం లేదా మాస్టారూ మనమీద?” అనెను. నమ్మకమున్నచోట రసీదు వలన నష్టమేమని నేనంటిని. అందరును నవ్విరి. విషయము సున్నితమైనది గావున లోతుగా పరిశీలించుటకు ముగ్గురు సభ్యుల ఉపసంఘమును నియమించిరి. నివేదికకు గడువు మాత్రము వ్రాయుట మరచిరి. నేను పదవీవిరమణ చేసితిని. ఉపసంఘపు కన్వీనరును పిదప పదవీవిరమణ చేసెను. ఆయన మంచివాడు; నాయందు గౌరవము కలవాడు. మొన్న ఎవరి యింటనో శుభకార్యమున ప్రక్కప్రక్కన కూర్చుండి భోజనము చేయుచుండగా ఆ కాగితమేమైనదని అడిగితిని. ఆయన కొంచెము జ్ఞాపకము చేసికొని, పప్పులో నెయ్యి కలుపుకొనుచు, “మంచి ప్రపోజలండీ అది. ఎవరో ఒకరు ఫాలో అప్ చెయ్యాల్సింది” అనెను.